పురిటిగదిలో తోడెవరు?

ఇంట్లో ఆడపిల్లకి ఏడో నెల వచ్చిందంటే మన చేతులకి తీరికుండదు. సీమంతానికి గాజులు, చీరె, చలిమిడి, పుట్టింటికి తీసుకురావడానికి మంచిరోజు, మెత్తటి పాతచీరలు ఉతికి చింపి పొత్తిగుడ్డలు మడతపెట్టడం, బాలింత కాయానికి దినుసులు ఎండబెట్టడం... ఒకటా రెండా! ఇక ఆస్పత్రి సంగతి సరేసరి. డాక్టరమ్మ హస్తవాసి ఎలాంటిది, గదికి రోజుకి ఎంత, ఇన్సూరెన్సు పనికొస్తుందా, పథ్యం భోజనం దొరుకుతుందా అని అందరినీ ఆరా తీస్తాం.

ఒక్క ప్రశ్న మాత్రం ఎవరమూ అడగం. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ భూమ్మీద పడేదాకా, ఆ ఎనిమిది గంటలో పన్నెండు గంటలో, మన పిల్ల పక్కన ఎవరుంటారు?

డాక్టరమ్మ ఉంటుంది కదా అంటారా? నిజానికి ఆవిడ మధ్యమధ్య వచ్చి చూసి వెళుతుంది, చివర్లో వస్తుంది. అంతసేపూ ఒక్కరి పక్కనే కూచుంటే తక్కిన పేషెంట్ల గతేమిటి? డ్యూటీ నర్సుకి చాలాచోట్ల ఒకేసారి నాలుగైదు మంచాలు చూసుకోవలసి వస్తుంది. అమ్మేమో తలుపు బయట బెంచీ మీద, చేతిలో ఫ్లాస్కు పట్టుకుని! లోపల తొలిచూలు పిల్ల, ఎన్నడూ ఎరగని నొప్పితో, ఎన్నడూ చూడని మనుషుల మధ్య ఒంటరిగా. కాన్పు గురించి మన ఆడవాళ్ళని భయపెట్టేది నొప్పి ఒక్కటే కాదు, ఈ ఒంటరితనం కూడా.

ఈ లోటు తీర్చే మనిషి గురించే ఈ వారం మన కబుర్లు. ఆవిడ పేరు మిడ్‌వైఫ్.

మంత్రసాని: మంచీ, చెడూ

"ఓహో, మంత్రసానా!" అని మీరు పెదవి విరిచేలోగా ఒక మాట. మన అమ్మమ్మల కాన్పులన్నీ ఆవిడ చేతుల మీదుగానే జరిగాయి. చాలా ఊళ్ళలో మంగలి కులం స్త్రీలు, కొన్నిచోట్ల దళితవాడల స్త్రీలు ఈ పని చేసేవారు. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని పిలవడానికి వెళితే, వాన అనక ఎండ అనక వచ్చేవారు. నడుము నిమిరేవారు, వేడినీళ్ళు పోసేవారు, "ఇంకాస్త ఓర్చుకో తల్లీ, అయిపోవచ్చింది" అని ధైర్యం చెప్పేవారు. బిడ్డ బయటపడేదాకా అక్కడినుంచి కదిలేవారు కారు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే అన్న సామెత ఊరికే పుట్టలేదు!

అంత చేసిన మనిషికి మనం ఏమిచ్చాం? చేటెడు బియ్యం, ఒక పాతచీర. పురుడు పోసినన్నాళ్ళూ ఆవిడ చెయ్యి కావాలి, పురుడు వెళ్ళాక ఆవిడ గడప దాటి లోపలికి రాకూడదు. ఈ సంగతి కూడా మరచిపోకూడదు.

అలాగని ఆ రోజులే బంగారం అనుకోనక్కరలేదు. ఆవిడకి అనుభవం ఉంది కానీ చదువు చెప్పినవారు లేరు. కొడవలితోనో పాత బ్లేడుతోనో బొడ్డు కోస్తే పసికందులకి ధనుర్వాతం వచ్చి పోయేవారు. రక్తస్రావం ఆగకపోతే ఆపే మందు లేదు. బిడ్డ అడ్డం తిరిగితే దేవుడే దిక్కు. పురిట్లో పోయిన ఆడవాళ్ళ పేర్లు మనవరాళ్ళకి పెట్టుకున్న ఇళ్ళు మనలో ఎన్ని లేవు?

1992-93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశం మొత్తమ్మీద నాలుగు కాన్పుల్లో ఒకటి మాత్రమే ఆస్పత్రిలో జరిగేది. 2019-21 నాటి ఐదో సర్వేలో అది నూటికి 88 దాటింది. తెలంగాణలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 96కి పైన! ఫలితం కూడా కళ్ళముందే ఉంది. 2001-03 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకి 195 మంది తల్లులు ప్రాణాలు కోల్పోయేవారు. 2018-20 నాటికి ఆ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 45కి, తెలంగాణలో 43కి తగ్గింది. నవజాత శిశువుల ధనుర్వాతాన్ని మన దేశం అదుపు చేసిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కాబట్టి కాన్పుకి ఆస్పత్రికే వెళ్ళాలి. అందులో రెండోమాట లేదు.

ఆస్పత్రికి వెళ్ళాం, తోడుని ఇంట్లో వదిలేశాం

అయితే ఆ దారిలో ఒకటి జారవిడిచాం. మంత్రసాని చేతిలో లేని శుభ్రత, మందులు, రక్తం, ఆపరేషను ఆస్పత్రిలో దొరికాయి. ఆవిడ దగ్గరున్న ఓపిక మాత్రం మనతో రాలేదు.

దాని బదులు ఏం వచ్చిందో చూడండి. అదే ఐదో సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 మందికి పైగా బిడ్డలు సిజేరియన్‌తో పుట్టారు. దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ ఇంత లేదు. ప్రైవేటు ఆస్పత్రుల లెక్క ఒక్కటీ తీస్తే నూటికి 81! ఆంధ్రప్రదేశ్‌లో 42. దేశం సగటు 21 పైచిలుకు. నూటికి పది దాటాక, సిజేరియన్లు పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గడం కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

మన ఆడవాళ్ళ ఒళ్ళు ఒక్క తరంలో అంత మారిపోయిందా? లేదు. కారణాలు చాలా ఉన్నాయి. ఆగే తీరిక లేని ఆస్పత్రులు, ఏమైనా అయితే గొడవ చేస్తారేమోనని డాక్టర్ల భయం, "ఒకసారి కోస్తే ప్రతిసారీ కోతే" అన్న మాట. వీటితోపాటు మన వాటా కూడా ఉంది సుమా! నక్షత్రం చూసి, ముహూర్తం పెట్టించుకుని మరీ ఆపరేషను చేయించుకునే ఇళ్ళు మనకి తెలియవా? ఇంకో కారణం ఎవరూ పైకి చెప్పరు. లేబరు రూములో కసుర్లు, ఎత్తిపొడుపులు, ఒక్కోచోట దెబ్బలు కూడా పడతాయని విని, "ఆ గొడవ నావల్ల కాదు, కోసేయండి" అనే అమ్మాయిలు ఉన్నారు. వాళ్ళని తప్పు పట్టగలమా?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సిజేరియన్ చెడ్డది కాదు. అవసరమైనప్పుడు అది ప్రాణదానం. ఆపరేషనుతో కన్న తల్లి తక్కువ తల్లీ కాదు. కానీ అది పొట్ట కోసి చేసే పెద్ద ఆపరేషను. రక్తం ఎక్కువ పోతుంది, కుట్టుకి చీము పట్టే భయం ఉంటుంది, కోలుకోవడానికి వారాలు పడుతుంది. వచ్చే కాన్పులో మాయ ఆ పాత కుట్టు దగ్గర అతుక్కుపోయే ప్రమాదం ఉంది. ముహూర్తం కోసం 39 వారాలు నిండకుండా తీస్తే బిడ్డకి ఊపిరి ఇబ్బందులు రావచ్చు. అవసరం లేకుండా ఎందుకీ కష్టం?

ఎవరీ మిడ్‌వైఫ్?

అమ్మాయి పురిటికి లండన్ వెళ్ళివచ్చిన అమ్మలు చెబుతుంటారు, "అక్కడ డాక్టరు ముఖమే చూడలేదు వదినా, అంతా మిడ్‌వైఫే చేసింది" అని. మొదట కంగారు పడతారు, తరువాత మెచ్చుకుంటారు. ఇంగ్లండులో ఏ చిక్కూ లేని గర్భిణికి నెలనెలా పరీక్షల నుంచి కాన్పు వరకు మిడ్‌వైఫే చూస్తుంది. ఇంటికి వచ్చాక కూడా ఆవిడ వచ్చి తల్లినీ బిడ్డనీ చూసి వెళుతుంది. చిక్కు కనిపిస్తేనే డాక్టరు.

మన దగ్గర ఆ పేరు కొత్తది కాదు. మీ వీధికి టీకాల పెట్టె పట్టుకుని వచ్చే ఏఎన్‌ఎం ఉందే, ఆ మూడక్షరాల్లో చివరి 'ఎం' మిడ్‌వైఫే! కానీ టీకాలు, రిజిస్టర్లు, సర్వేలతోనే ఆవిడకి పొద్దుపోతుంది. కాన్పులన్నీ పెద్దాస్పత్రులకి వెళ్ళాక ఆ పని ఆవిడ చేతుల్లోంచి దాదాపు జారిపోయింది.

ఇప్పుడు వస్తున్న మిడ్‌వైఫ్ వేరు. నర్సింగు చదివి, ఆ పైన కాన్పుల మీదే ప్రత్యేకంగా శిక్షణ పొందిన మనిషి. హైదరాబాదులో ఫెర్నాండెజ్ ఆస్పత్రి ఈ చదువు 2011లోనే మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థ కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకి శిక్షణ ప్రారంభించాయి. ఆ మరుసటేడు, అంటే 2018 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది. 18 నెలల శిక్షణ, 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ' అని హోదా. దేశంలో ఇలా ముందుగా నడుం కట్టినవాటిలో మన తెలుగు నేల ఒకటి అన్నమాట! అత్యధికంగా సిజేరియన్లు జరిగే చోటే ఈ ప్రయత్నం మొదలవడం న్యాయమే కదూ?

అయితే వీళ్ళ సంఖ్య ఇంకా తక్కువే. ప్రపంచం మొత్తమ్మీద 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌ల కొరత ఉందని 2021లో ఐక్యరాజ్యసమితి జనాభా నిధి నివేదిక చెప్పింది.

ఆవిడ చేసే పనేమిటి?

మీకు తెలిసిన వంటింటి సంగతే చెబుతాను. పాలు తోడుపెట్టాక పెరుగు కావాలంటే ఏం చేస్తాం? గిన్నె కదపం. గంటకోసారి గరిటె పెట్టి చూడం. అలాగని వదిలేసి ఊరికీ వెళ్ళిపోం. పిల్లి మూత లాగకుండా ఓ కన్నేసి ఉంచుతాం. మామూలు కాన్పుని చూసుకోవడమూ అంతే. కదపకూడని చోట కదపకుండా, కనిపెట్టవలసినచోట రెప్పవేయకుండా ఉండటమే మిడ్‌వైఫ్ నేర్చిన విద్య.

నొప్పులొస్తున్న అమ్మాయిని ఆవిడ మంచానికి కట్టేయదు. లేచి నడవమంటుంది, పెద్ద రబ్బరు బంతి మీద కూచుని ఊగమంటుంది, గోడకి ఆనుకోమంటుంది. వెల్లకిలా పడుకోవడం కన్నా నిలబడి, నడుస్తూ, కూచుని ఉంటే తొలిదశ నొప్పుల కాలం గంటకు పైగా తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. నడుము మీద గట్టిగా రాస్తుంది, వేడినీటి కాపడం పెడుతుంది, ఊపిరి ఎలా తీసి వదలాలో పక్కనే ఉండి చేయిస్తుంది. చిక్కులేని కాన్పయితే మంచినీళ్ళు, మజ్జిగ, తేలిక ఆహారం తీసుకోనిస్తుంది. పొద్దున్నుంచీ పస్తున్న మనిషికి నెట్టే శక్తి ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి?

మరోపక్క లెక్కలన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి. పావుగంటకీ అరగంటకీ ఒకసారి బిడ్డ గుండె చప్పుడు వింటుంది. తల్లి నాడి, బీపీ, నొప్పుల జోరు, గర్భద్వారం ఎంత తెరుచుకుందో చార్టులో రాస్తుంది. గంటకి ఒక సెంటీమీటరు తెరుచుకోలేదని అందరికీ కంగారుపడక్కర్లేదని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అసలైన నొప్పుల దశ ఐదు సెంటీమీటర్ల నుంచే మొదలవుతుందనీ, తొలికాన్పుకి అక్కడినుంచి పన్నెండు గంటల దాకా పట్టవచ్చనీ అందులోనే ఉంది. అందరికీ ఎనిమా ఇవ్వడం, అందరికీ కింద కోసి కుట్లు వేయడం, పైనుంచి పొట్ట నొక్కడం... ఇవేవీ అక్కర్లేదని కూడా చెప్పింది.

బిడ్డ పుట్టగానే రక్తస్రావం తగ్గించే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తుంది. బొడ్డుతాడు వెంటనే కోయకుండా కనీసం ఒక నిమిషం ఆగుతుంది. బిడ్డని తుడిచి, అమ్మ గుండెల మీదే బట్ట అడ్డం లేకుండా పడుకోబెడుతుంది. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టిస్తుంది. తేనె చుక్కలు, పంచదార నీళ్ళు నాకించడానికి మనం వెళితే మర్యాదగానే ఆపుతుంది. అప్పుడు అలగకండేం!

పక్కన ఒక మనిషి ఎడతెగకుండా ఉంటే ఏమంత తేడా అనుకుంటున్నారా? 17 దేశాల్లో 15 వేల మందికి పైగా స్త్రీల మీద జరిగిన 26 పరిశోధనలని 2017లో కలిపి చూశారు. తోడున్నవారికి మామూలు కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, నొప్పుల కాలం తక్కువ, మనసులో చేదు తక్కువ. ధైర్యం చెప్పడం అంటే ఒట్టి మాటలు కావన్నమాట.

డాక్టరు ఎప్పుడు?

మిడ్‌వైఫ్ డాక్టరుకి పోటీ కాదు, బదులూ కాదు. తన హద్దు తనకి తెలియడమే ఆవిడ చదువులో సగం. కవలలు, బిడ్డ ఎదురుకాళ్ళతోనో అడ్డంగానో ఉండటం, బాగా హెచ్చిన బీపీ, అదుపులో లేని షుగరు, గుండెజబ్బు, తీవ్రమైన రక్తహీనత, ఇంతకుముందు సిజేరియన్ వంటివి ఉన్నవారు మొదటినుంచీ డాక్టరు చూపులోనే ఉండాలి.

మిగతావారు కూడా ఈ లక్షణాల్లో ఏది కనిపించినా ఇంట్లో కాలయాపన చేయకుండా వెంటనే ఆస్పత్రికి రావాలి. కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకోండి:

• ఏ నెలలోనైనా రక్తం కనబడటం
• తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం, చేతులు ఉబ్బడం, ఫిట్స్
• బిడ్డ కదలికలు తగ్గడం
• నొప్పులు లేకుండా ఉమ్మనీరు పోవడం, లేదా ఆ నీరు పచ్చగా ఉండటం
• జ్వరం, ఆగని కడుపునొప్పి, ఆయాసం
• కాన్పయ్యాక గుడ్డలు వెంటవెంటనే తడిసిపోవడం

నొప్పులు తొందరగా రావాలని ఇంట్లో ఆముదం తాగించడం, తెలిసినాయన చేత 'నొప్పుల సూది' వేయించడం వద్దే వద్దు. ఆ సూది మోతాదు మించితే గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది.

ఆస్పత్రిలో అడగవలసినవి

గది అద్దెతోపాటు ఈ ప్రశ్నలు కూడా అడగండి. ఏడో నెలలోనే అడగండి, నొప్పులు మొదలయ్యాక కాదు.

1. ఇక్కడ శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉన్నారా? రాత్రిపూట కూడా ఉంటారా?
2. నొప్పుల గదిలోకి మా మనిషిని ఒకరిని రానిస్తారా? ప్రభుత్వాస్పత్రుల్లో ఒక తోడుని అనుమతించాలని 2016లోనే కేంద్రం చెప్పింది. ఆ సంగతి తెలిసి అడిగితే మాటకి బలం ఉంటుంది.
3. నొప్పులొచ్చేటప్పుడు లేచి తిరగనిస్తారా? ఏమైనా తాగనిస్తారా?
4. కింద కోసి కుట్లు వేయడం అందరికీ చేస్తారా, అవసరమైతేనే చేస్తారా?
5. ఇక్కడ పదిమంది తొలిచూలు స్త్రీలు వస్తే, అందులో ఎందరికి ఆపరేషను అవుతుంది?

ఐదో ప్రశ్నకి ఎవరైనా విసుక్కుంటే, అదీ ఒక జవాబే!

ఖర్చుకి భయపడి వెనకాడేవారు ప్రభుత్వాస్పత్రిని తీసిపారేయకండి. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద 2011 నుంచి అక్కడ మామూలు కాన్పూ, సిజేరియనూ, మందులూ, పరీక్షలూ ఉచితం. తెలంగాణలో కొన్ని ప్రభుత్వాస్పత్రుల్లో ఇప్పుడు మిడ్‌వైఫ్‌లు పనిచేస్తున్నారు. మీ దగ్గర ఏ ఆస్పత్రిలో ఉన్నారో మీ ఆశా కార్యకర్తని అడగండి. ప్రతినెలా 9వ తేదీన గర్భిణులకి డాక్టరు పరీక్ష ఉచితంగా జరుగుతుంది. ఆ రోజున వెళ్ళి అన్నీ కనుక్కోవచ్చు.

మరి మన వంతు?

మిడ్‌వైఫ్ దొరకని ఊరయితే ఏం చేయాలి? తోడుగా ఉండే విద్యలో సగం మన చేతుల్లోనే ఉంది. పురిటిగదిలోకి ఒక్కరినే రానిస్తామంటే ఎవరు వెళ్ళాలో ముందే అనుకోండి. పెద్దరికం చూసి కాదు, ఎవరు పక్కనుంటే పిల్ల మనసు కుదుటపడుతుందో చూసి పంపండి. అమ్మ కావచ్చు, అత్తగారు కావచ్చు, ఒక బిడ్డని కన్న అక్కయ్యో వదినో కావచ్చు. చూడగానే ఏడ్చేసేవారు, "నా కాన్పప్పుడు చావు తప్పి కన్ను లొట్టపోయింది" అని కథలు చెప్పేవారు బయటే ఉండటం మంచిది.

లోపలికి వెళ్ళేవారు చేయవలసింది ఎంతో లేదు. చెయ్యి పట్టుకోండి. నడుము రాయండి. చెమట తుడవండి. గుక్కెడు మజ్జిగ పట్టండి. "బాగా చేస్తున్నావమ్మా" అనండి. "అరవకు, నలుగురూ వింటే ఏమనుకుంటారు" అని మాత్రం అనకండి. నొప్పిలో అరవడం తప్పు కాదు, సిగ్గూ కాదు. ఎవరైనా సిబ్బంది కసిరితే, "మా పిల్ల భయపడుతోందండీ, కాస్త నెమ్మదిగా చెప్పండి" అని మర్యాదగా, గట్టిగా అనండి. ఆ ఒక్కమాట అనడానికైనా లోపల మనిషి ఉండాలి.

డాక్టరు సిజేరియన్ అంటే "ఎందుకండీ?" అని అడగండి. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందంటే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా సంతకం పెట్టండి. "ఇంకా టైముంది, కానీ మీరు కావాలంటే..." అంటే మాత్రం టైము తీసుకోండి. ముహూర్తం సంగతి ఇంట్లో మగవాళ్ళు ఎత్తితే, బిడ్డ వచ్చిన వేళే మంచివేళ అని చెప్పే పెద్దరికం మీరు చూపించండి.

ఏటా మే 5ని అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల దినం అంటారు. ఆ రోజు మీ వీధి ఏఎన్‌ఎం వస్తే గుమ్మంలో నిలబెట్టి పంపకండి. లోపలికి పిలిచి కుర్చీ వేసి, ఓ కప్పు కాఫీ ఇవ్వండి. అమ్మమ్మల నాటి మంత్రసానికి మన ఇళ్ళు పడ్డ బాకీ ఒకటుంది. అందులో కొంతైనా తీరుతుంది.